అవుట్‌సోర్సింగ్ స్టాఫ్ నర్సుగా కొనసాగాలా, మానేయాలా? అసలు మన పోస్టులు ఇలా ఎప్పుడు మారిపోయాయి?

నైట్‌డ్యూటీ_సిస్టర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ స్టాఫ్ నర్సుని, అంటే పని ఆసుపత్రిలో, జీతం మధ్యలో ఉన్న ప్రైవేటు ఏజెన్సీ ద్వారా. ఆసుపత్రి పేరు రాయను, ఎందుకో మీకు తెలుసు. ఇంతకుముందు అది ఏరియా ఆసుపత్రి. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చాక టీచింగ్ హాస్పిటల్ అయింది. బెడ్లు పెరిగాయి, కొత్త బ్లాక్ కట్టారు, ఓపీ దగ్గర లైను గేటు దాకా వస్తోంది. నర్సులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

మేల్ మెడికల్ వార్డులో నైట్ ఒక్క సిస్టరే ఉంటుంది. సీజన్ జ్వరాలప్పుడు నలభై మంది దాకా ఉంటారు, కొందరు నేల మీద పరుపుల్లో. ఒక మంచం దగ్గర కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే చిన్న గొట్టం) బ్లాక్ అయి చెయ్యి వాచిపోతే అది తీసి రెండో చేతికి పెడుతుంటాను, ఈలోగా ఇంకో మూల సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కుతుంది, వాళ్ల అటెండర్ వచ్చి "ఎంతసేపు పిలవాలె?" అని గట్టిగా అరుస్తాడు. అతని తప్పు లేదు. అతనికి కనిపించేది నేనొక్కదాన్నే. కేస్‌షీట్లు, మందుల ఇండెంట్, పొద్దున డ్యూటీ అప్పగించేలోపు రిపోర్ట్ బుక్కు, అన్నీ అయ్యేసరికి డ్యూటీ టైమ్ దాటి గంట అవుతుంది.

పక్క వార్డులో రెగ్యులర్ సిస్టర్ చేసేదీ ఇదే పని. నా చేతికి వచ్చేది పాతిక వేలు కూడా లేదు, అదీ రెండు మూడు నెలలకోసారి వస్తుంది. ఇంకో సంగతి, జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ లేదన్నారు, రెగ్యులర్ వాళ్లకుండే హెల్త్ కార్డు మాకు లేదు. రోజంతా ఆసుపత్రిలో పనిచేసే మనిషికి జబ్బు చేస్తే సొంత డబ్బులే దిక్కు. మొన్న సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి టీకా కూడా బయట కొనుక్కుని వేయించుకున్నాను.

ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఆఫర్ ఉంది, ఫ్రెండ్స్ కొందరు జర్మనీలో నర్సులుగా వెళ్లడానికి జర్మన్ నేర్చుకుంటున్నారు. ఇంట్లో వాళ్లేమో "గవర్నమెంటులో ఉన్నావు, ఎప్పటికైనా పర్మనెంట్ చేస్తరు, ఓపిక పట్టు" అంటున్నారు. మా పెద్దమ్మ కూడా స్టాఫ్ నర్సే, 80లలో చేరింది. ట్రెయినింగ్ అయిపోగానే పోస్టింగ్, ఒకటో తారీఖు జీతం, రిటైరయ్యాక పెన్షన్. అదే జిల్లా, అదే చదువు. మధ్యలో ఏం జరిగింది? ఈ జీతాల లేటుకు ఎవరిని అడగాలి? ఉండాలా పోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_హెడ్‌నర్స్:

అమ్మా, మీ పెద్దమ్మ, నేను ఒకే కాలం వాళ్లం. ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో స్టైపెండ్ ఇచ్చి చదివించి, బాండ్ రాయించుకుని, వాళ్లే పోస్టింగ్ ఇచ్చేవారు. వార్డులో అప్పుడు కూడా తక్కువమందిమే, ఆ రోజులు స్వర్గమని చెప్పను. కానీ ఖాళీ ఏర్పడితే అది ఖాళీ అని రిజిస్టరులో ఉండేది, ఎప్పటికో ఒకప్పటికి మనిషి వచ్చేది.

మార్పు ఎప్పుడని అడిగావు. 1991లో దేశం దగ్గర విదేశీ మారకం అయిపోయి ఆర్థిక సంస్కరణలు వచ్చాయి కదా, ఆ గాలి ఆసుపత్రి దాకా రావడానికి నాలుగైదేళ్లు పట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో ఒక చట్టం తెచ్చారు, మేమంతా "యాక్ట్ 2 ఆఫ్ 94" అనేవాళ్లం. మంజూరు లేకుండా తాత్కాలికంగా ఎవరినీ పెట్టుకోకూడదు, పెట్టుకున్నవాళ్లను రెగ్యులర్ చేయకూడదు అని దాని సారాంశం. అడ్డదారి నియామకాలు ఆపడానికని చెప్పారు. అది కొంత నిజమే. కానీ ఆ తర్వాత జరిగిందేమిటంటే కొత్త పోస్టులు మంజూరు కాలేదు, రిటైరైనవాళ్ల స్థానాలు నింపలేదు, పని మాత్రం పెరుగుతూ పోయింది.

ఆ తర్వాత వైద్య విధాన పరిషత్ ఆసుపత్రులకు, అంటే జిల్లా, ఏరియా ఆసుపత్రులకు, ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది, 1995 ప్రాంతంలో. బిల్డింగులు బాగయ్యాయి, ఆపరేషన్ థియేటర్లు, ఎక్స్‌రే మిషన్లు వచ్చాయి, అది మేలే, కాదనను. ఆ కాలంలోనే ఊడ్చేవాళ్లు, వాచ్‌మన్లు కాంట్రాక్టు ఏజెన్సీకి పోయారు. మా వార్డులో ఒక ఆయా ఉండేది. ఏ పేషెంటుకు రాత్రి దగ్గు ఎక్కువైందో, ఎవరికి మంచం దిగితే కళ్లు తిరుగుతాయో నాకన్నా ముందు ఆమెకు తెలిసేది. ఆమె రిటైరయ్యాక ఆ పోస్టే తీసేశారు. ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లలు నెలకొకరు మారేవారు, వచ్చే జీతం బస్ ఛార్జీలకే సరిపోక మానేసేవారు. అప్పుడు మేం నర్సులం పెద్దగా మాట్లాడలేదు, అది నాలుగో తరగతి వాళ్ల సమస్య అనుకున్నారు అందరూ. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు. తర్వాత నర్సులు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. కేంద్రం డబ్బు బాగానే ఇచ్చింది, రెండో ఏఎన్ఎంలు, 24 గంటల పీహెచ్‌సీల్లో స్టాఫ్ నర్సులు, ఆశాలు అందరూ అప్పుడు వచ్చినవాళ్లే. గర్భిణులకు, పిల్లలకు ఎంత మేలు జరిగిందో నేను కళ్లారా చూశాను. కానీ మిషన్ అంటే ఇన్నేళ్లని గడువున్న కార్యక్రమం, అందుకే అందులో చేరినవాళ్లందరూ కాంట్రాక్టే. గడువు పొడిగిస్తూ పోయారు, వీళ్ల కాంట్రాక్టూ పొడిగిస్తూ పోయారు. ఇరవై ఏళ్లు దాటింది. ఆ పిల్లల్లో కొందరు నా చేతుల్లో పని నేర్చుకున్నవాళ్లు, ఇప్పుడు వాళ్ల పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు, వాళ్లు ఇంకా ఏటా మార్చిలో రెన్యువల్ ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నారు. ఇది చాలా అన్యాయం అమ్మా.

ఫైల్_మూవ్‌మెంట్:

అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి, జీతం ఎందుకు లేటవుతుందో చెబుతాను. రెగ్యులర్ ఉద్యోగుల జీతం 010 పద్దు కింద ఉంటుంది. ఆ బిల్లు నెలాఖరులో ట్రెజరీకి వెళ్తుంది, ప్రభుత్వం ఎంత ఇబ్బందిలో ఉన్నా ముందు దానికే డబ్బు సర్దుతుంది. మీ జీతం సాధారణంగా 300 పద్దు, అంటే ఇతర కాంట్రాక్టు సేవలు అనే దాంట్లోంచి వస్తుంది. ప్రభుత్వ లెక్కల్లో మీరు జీతం కాదు, బయటినుంచి కొన్న సేవ. దానికి మూడు నెలలకోసారి బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రావాలి, తర్వాత సూపరింటెండెంట్ ఆఫీసు హాజరు ధ్రువీకరించాలి, ఏజెన్సీ బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి, అప్పుడు డబ్బు ఏజెన్సీ ఖాతాలో పడి అక్కడినుంచి మీకు రావాలి. ఇన్ని చోట్ల ఎక్కడ ఆగినా మీకు ఆగినట్టే.

కాబట్టి "జీతం ఎప్పుడు" అని అడగకండి, ఎవరిని అడిగినా పైకి చూపిస్తారు. "ఈ క్వార్టర్ రిలీజ్ ఆర్డర్ వచ్చిందా, బిల్లు ట్రెజరీకి వెళ్లిందా, టోకెన్ నంబరు ఎంత" అని అడగండి. టోకెన్ పడిందంటే ఫైల్ ఆర్థిక శాఖ దగ్గర ఉంది. పడలేదంటే మీ ఆఫీసు దగ్గరో ఏజెన్సీ దగ్గరో ఉంది, అక్కడ గట్టిగా పట్టుకోవచ్చు. నలుగురైదుగురు కలిసి రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.

పీఎఫ్ సంగతి ఇంకా ముఖ్యం. మీ యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుల నంబరు) ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తీసి నెలనెలా చూడండి. చాలా ఏజెన్సీలు మీ వాటా 12 శాతం కోయడమే కాక యజమాని వాటా కూడా మీ జీతంలోంచే కోస్తాయి, కొన్నయితే కోసి కట్టవు కూడా. యజమాని వాటా ఉద్యోగి జీతంలోంచి తీయడం చట్టవిరుద్ధం. ఏజెన్సీ కట్టకపోతే బాధ్యత మిమ్మల్ని పనిలో పెట్టుకున్న ఆసుపత్రి మీద, అంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్ మీద పడుతుంది. పీఎఫ్ ఆఫీసు గ్రీవెన్స్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టేటప్పుడు ఏజెన్సీ పేరుతోపాటు ఆసుపత్రి పేరు కూడా రాయండి, అప్పుడే కదలిక వస్తుంది.

ఒక మాట నా తరఫున. ఇలా చేయడం వల్ల ప్రభుత్వానికి ఏమంత మిగిలింది? ఏజెన్సీకి కమీషన్ ఇస్తున్నారు, పన్నులు కడుతున్నారు, మధ్యలో ఫైళ్లు నడపడానికి ఇంకో సెక్షన్. నిజంగా మిగిలేది పెన్షన్, ఇంక్రిమెంట్లు, లీవు జీతం. అంటే ఆదా అయిందంతా ఈ సిస్టర్ల వృద్ధాప్యంలోంచి, వాళ్ల జబ్బులోంచి తీసిందే.

కోర్టుకేసు_పాతకాపు:

పర్మనెంట్ చేస్తారని ఇంట్లో వాళ్లు అంటున్నారు కదా, దాని మీద స్పష్టంగా చెప్పాలి. చాలామంది ఆడపిల్లలు ఆ ఒక్క ఆశ మీద ముప్ఫైలు, నలభైలు గడిపేస్తున్నారు.

2006 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో అయిదుగురు జడ్జిల బెంచి తీర్పు ఇచ్చింది. ఎన్నేళ్లు చేశారన్న ఒక్క కారణంతో రెగ్యులర్ చేయమని అడిగే హక్కు లేదంది. మంజూరైన పోస్టులో పదేళ్లు కోర్టు స్టేల అండ లేకుండా చేసినవాళ్లకు మాత్రం ఒక్కసారి అవకాశం ఇవ్వమంది. అప్పటినుంచి ఏ ఫైలు పెట్టినా ఆ తీర్పు చూపించి వెనక్కి పంపుతారు.

తెలంగాణలో 2016లో జీవో 16 ఇచ్చి, 2023 ఏప్రిల్లో 5,544 మంది కాంట్రాక్టు వాళ్లను రెగ్యులర్ చేశారు. వాళ్లలో ఎక్కువమంది జూనియర్ లెక్చరర్లు. అందరూ మంజూరైన పోస్టుల్లో నేరుగా కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్నవాళ్లు. అవుట్‌సోర్సింగ్ వాళ్లు అందులో లేరు. ఆ తర్వాత 2024 నవంబరులో హైకోర్టు ఆ జీవో వెనక ఉన్న, పైన చెప్పిన 1994 చట్టంలో చేర్చిన సెక్షన్ 10ఏనే కొట్టేసింది, అప్పటికే రెగ్యులర్ అయినవాళ్లను మాత్రం కదిలించలేదు. ఆంధ్రలో 2023లో వేరే చట్టం చేశారు, అదీ కాంట్రాక్టు వాళ్లకే, కటాఫ్ తేదీ అదే 2014 జూన్ 2.

కొంచెం వెలుగు ఏమిటంటే, 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడింది. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఊడ్చే ఆడవాళ్లు, ఒక తోటమాలి వేసిన కేసు అది. ఏళ్ల తరబడి నిత్యం ఉండే పని చేయించుకుని, ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని వాళ్లను తీసేయడం కుదరదంది, రెగ్యులర్ చేయమంది. అంతకుముందు 2016లో జగజీత్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది, కనీసం పే స్కేలు మొదటి మెట్టు ఇవ్వాలంది. కానీ మధ్యలో ఏజెన్సీ ఉన్నప్పుడు ప్రభుత్వం "వీళ్లు మా మనుషులే కాదు" అంటుంది. అది తప్పని నిరూపించాలంటే మీ డ్యూటీ రోస్టర్లు, సూపరింటెండెంట్ ఇచ్చిన ఆర్డర్లు, మెమోలు, ఏజెన్సీ మారినా మీరు అదే వార్డులో ఉన్నారనే రుజువు కావాలి. అన్నిటి ఫొటోలు తీసి దాచుకోండి. ఒంటరిగా కేసు వేయొద్దు, సంఘంగా వేయండి.

ఇంకోటి, పెళ్లయి పిల్లల ఆలోచన ఉంటే: ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో కూడిన సెలవు అవుట్‌సోర్సింగ్ వాళ్లకూ హక్కే. "మీకు వర్తించదు" అని నోటిమాటగా చెబితే నమ్మకండి, రాసివ్వమనండి.

పాలమూరు_నర్సింగ్‌ఆఫీసర్:

అక్కా, నేను కూడా నీలాగే అవుట్‌సోర్సింగ్‌లో చేసి ఇప్పుడు రెగ్యులర్ అయిన. నీకు అసలు పనికొచ్చేది వెయిటేజీ, అంటే చేసిన సర్వీసుకు ఇచ్చే మార్కులు. 2022 డిసెంబర్లో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, 2023 ఆగస్టులో పరీక్ష పెట్టారు, తర్వాత పోస్టులు పెంచి 2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో 6,956 మందికి ఆర్డర్లు ఇచ్చారు. దాంట్లో పరీక్షకు 80 మార్కులు, సర్వీసుకు 20. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు అయినా అవుట్‌సోర్సింగ్ అయినా ప్రతి ఆరు నెలలకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే 2.5. ఆరు నెలలు నిండితేనే లెక్క. మామూలు చోట అయిదేళ్లు చేస్తే 20కి 20 వచ్చేస్తాయి. 2024 సెప్టెంబర్లో మళ్లీ 2,050 పోస్టులకు ఇచ్చారు, అదీ ఇదే లెక్క.

అందుకే నువ్వు అయిదేళ్లకు దగ్గర్లో ఉంటే ఇప్పుడు వదిలేయకు, అది పూర్తి చెయ్యి. ఇప్పుడిప్పుడే చేరి ఉంటే మాత్రం ఇంట్లోవాళ్ల మాట మీద ఉండకు. ఎందుకంటే నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో చెప్పలేం. మా బ్యాచ్‌లో బాగా చదివిన పిల్లలు కొందరు సర్వీస్ సర్టిఫికెట్ సరిగ్గా లేక పాయింట్లు పోగొట్టుకున్నరు, ఒకట్రెండు మార్కుల్లో పోస్టు పోయింది. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

రెగ్యులర్ అయినంక నైట్ డ్యూటీ ఏం తగ్గలేదక్కా, అదీ చెప్పాలె. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలె, ఐసీయూలో ఒక్కరికి ఒకరు. మా వార్డులో ఎంతమందిమి ఉన్నమో అడగకు. మారిందల్లా, జీతం ఒకటో తారీఖు పడుతది, నాకేమన్నా అయితే ఇంట్లోవాళ్లు రోడ్డున పడరు అనే ధైర్యం. ఆ ధైర్యంతో పనిచేయడం వేరు.

మైంజ్_నుంచి:

జర్మనీలో ఉన్నాను, మూడో షిఫ్ట్ అయ్యి వచ్చి రాస్తున్నా. ముందు ప్రైవేటు ఆఫర్ గురించి. నేను ఇక్కడికి రాకముందు హైదరాబాదులో రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో చేశాను. సుప్రీంకోర్టు చెబితే 2016లో కేంద్రం వేసిన కమిటీ ఏమందంటే, 200 బెడ్లు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి, 50 బెడ్ల లోపు చిన్నదైనా 20,000కు తగ్గకూడదు. నేను పనిచేసిన రెండు చోట్లా అలా లేదు. కేరళలో నర్సులు సమ్మెలు చేసి చేసి 2018లో ప్రభుత్వంతో కనీస వేతనం నోటిఫికేషన్ ఇప్పించుకున్నారు, మన దగ్గర అంత గట్టి సంఘం రాలేదు. చేరితే చేరండి కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు, మానేసేటప్పుడు వాటిని పట్టుకుని ఏడిపిస్తారు.

జర్మనీకి రావాలంటే విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా రండి, లక్షలు అడిగే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. జర్మన్ భాష బీ2 (పైమెట్టు మధ్యస్థాయి) దాకా రావాలి, దానికి ఏడాదికి పైనే పడుతుంది, నైట్ డ్యూటీలు చేస్తూ నేర్చుకోవడం చాలా కష్టం. వచ్చాక కూడా డిగ్రీ గుర్తింపు వచ్చేదాకా అసిస్టెంటుగానే ఉంటాం. అది దాటితే మర్యాదగా బతకొచ్చు. ఇక్కడా స్టాఫ్ కొరతే, కానీ ఐసీయూలో ఒక నర్సుకు పగలు ఇద్దరు, రాత్రి ముగ్గురు పేషెంట్లకు మించకూడదని రూలు ఉంది, దాటితే ఆసుపత్రికి డబ్బు కోత పడుతుంది. రూలుకు డబ్బు ముడిపెడితే తప్ప ఎక్కడా పని జరగదని నాకు ఇక్కడ అర్థమైంది.

నా షిఫ్టులో ఒక పోలండ్ ఆవిడ ఉంది, రిటైర్మెంటుకు దగ్గరైంది. వాళ్ల దేశం కమ్యూనిజం నుంచి మార్కెట్‌కు మారినప్పుడు, 1999లో ఆరోగ్య బీమా సంస్కరణ తెచ్చాక, ఆసుపత్రులు అప్పుల్లో పడి ముందు నర్సుల మీదే కోత పెట్టాయట. 2007లో వార్సాలో ప్రధాని కార్యాలయం ఎదుట నర్సులు తెల్ల టెంట్లు వేసుకుని దాదాపు నెల రోజులు కూర్చున్నారు, ఈవిడా వెళ్లిందట. తర్వాత ఇక్కడికి వచ్చేసింది. తను వదిలేసి వచ్చిన వార్డులో ఇప్పుడు ఎవరున్నారో అని ఇప్పటికీ అంటుంది. నాకు మా జిల్లా ఆసుపత్రి గుర్తొస్తుంది. మనం వచ్చేస్తే మనకు మంచిదే, వదిలేసిన మంచాల దగ్గర మాత్రం నర్సు లేనట్టే. అలాగని ఆ భారం నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు సిస్టర్, అది ప్రభుత్వం చేయాల్సిన పని.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

అందరికీ చాలా థ్యాంక్స్. పెద్దమ్మకు కూడా చదివి వినిపించాను, "ఆయా పోస్టులు పోయినప్పుడే మేం మాట్లాడాల్సింది" అంది. పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే చూశాను, కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాయి, మాతోపాటు చేరినవాళ్లందరికీ అవే నెలలు ఖాళీ. రేపు అందరం కలిసి రాసి ఇస్తున్నాం, ఆసుపత్రి పేరుతోనే. నాకు అయిదేళ్లు నిండటానికి ఇంకా ఏడాది లోపే ఉంది, కాబట్టి అప్పటిదాకా ఉంటాను, ఈలోగా పరీక్షకు చదువుతాను. జర్మన్ తర్వాత చూద్దాం.

సర్వీస్ సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకోవాలి? మధ్యలో ఏజెన్సీ మారింది, పాత ఏజెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

పాలమూరు_నర్సింగ్‌ఆఫీసర్:

ఏజెన్సీతో పని లేదక్కా. వాళ్ల లెటర్‌హెడ్ మీద తెచ్చినోళ్లకే మా దగ్గర ఇబ్బంది అయింది. పాత నోటిఫికేషన్‌తో పాటు ఇచ్చిన ఫార్మాట్ ఉంటది, అది ప్రింట్ తీసుకుని సూపరింటెండెంట్ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ క్లర్కును కలువు. చేరిన తేదీ, ఏ వార్డు, మధ్యలో బ్రేక్ ఉందా లేదా అన్నీ రోస్టరుతో సరిపోవాలె. ఏజెన్సీ మారిన నెలలో చాలామందికి రెండు మూడు రోజులు గ్యాప్ చూపిస్తరు, నువ్వు ఆ రోజులు డ్యూటీ చేసినవని హాజరు రిజిస్టర్ కాపీ ముందే తీసి పెట్టుకో. నోటిఫికేషన్ వచ్చినంక పోతే వంద మంది లైనులో ఉంటరు, ఇప్పుడే పో.